చెట్టుకల్లు వెతుకుతూ గాంధారి దాకా

ఈ ప్రయాణం నా నోటిదూల వల్ల మొదలైంది. మా ఆఫీసులో ఒకాయన సెలవుల్లో విదేశం వెళ్లి, అక్కడి పల్లెల్లో కారులో తిరుగుతూ, ఊరికొకటి చొప్పున చిన్న చిన్న బీరు బట్టీలు చూసి, రుచి చూసి వచ్చాడు. మధ్యాహ్నం భోజనాల దగ్గర రోజూ అదే పురాణం. వినీ వినీ ఒళ్లు మండి, "మా కామారెడ్డి వైపు రండి, బట్టీ లేదు, పీపా లేదు, చెట్టే కాచి లొట్టి కుండలో పోస్తుంది" అనేశాను. అంతే, రెండు కార్ల జనం తయారైపోయారు. దారి వేసే పని నా నెత్తిన పడింది.

కాగితం మీద దారి వేయడం తేలికే. కామారెడ్డి నుంచి తాడ్వాయి, లింగంపేట మీదుగా ఎల్లారెడ్డి. అక్కడ రాత్రి పడక. మర్నాడు గాంధారి వైపు తిరిగి మళ్లీ కామారెడ్డి. చిక్కల్లా కల్లుతోనే. ఆ వైపు ఏ ఊళ్లోనైనా దుకాణంలో సీసా కల్లు దొరుకుతుంది. చెట్టు మీంచి దించింది దించినట్టు పోసేవాళ్లు ఎక్కడున్నారో అడిగి అడిగి వెతకాలి. దొరికినా అది అసలుదో కాదో తేల్చే నాలుక నాకు లేదు. నాకు అన్నీ పుల్లగానే ఉంటాయి. అందుకని ముందు ఒకసారి బస్సుల్లో తిరిగి చూసి వద్దామని, తోడుగా మా అక్కను రమ్మన్నాను.

మా అక్క నర్సవ్వది లింగంపేట దగ్గర పల్లె. ఇంట్లో కూర్చుని బీడీలు చుడుతుంది. సాయంత్రం బీడీ కట్టలు అప్పజెప్పి వస్తూ దుకాణంలో ఒకటో రెండో సీసాలు తాగి ఇంటికొస్తుంది. ఆ ఊళ్లో అది చాయ్ తాగినంత మామూలు. మా సాయిలు బావా తాగుతాడు. కల్లు చూడగానే ఏ చెట్టుది, ఏ పూటది అని చెప్పే అక్కను నేను మా వాళ్లందరి దగ్గరా ఎంత పొగిడానో లెక్కలేదు.

అప్పటికి తెలంగాణ ఇంకా రాలేదు. కామారెడ్డి నిజామాబాద్ జిల్లాలో ఉండేది. ఉద్యమం ఉడుకు మీద ఉంది. బంద్ ఉన్న రోజు బస్సులు లేక ఇబ్బంది, లేని రోజు రేపుంటుందేమోనని ఇబ్బంది. ఫిబ్రవరిలో ఒక శుక్రవారం, శని ఆదివారాలు కలిసొస్తాయని తెల్లవారుజామున హైదరాబాదు జూబ్లీ బస్టాండులో బస్సెక్కాను. ఎనిమిదిన్నరకల్లా కామారెడ్డి చేరాను. టికెట్ల ధరలు రాయడం లేదు. మీరు వెళ్లేనాటికి ఎలాగూ పెరుగుతాయి.

అక్క అప్పటికే బస్టాండులో చేతిసంచీతో నిలబడి ఉంది. పక్కనే ఉప్మా తిని చాయ్ తాగుతూ ఆమెకు నేనొక షరతు పెట్టాను. "ఈ రెండు రోజులు దుకాణం కల్లు ముట్టొద్దక్కా. చెట్టుది రుచి చూసే నాలుక, చెడిపోకూడదు."

"రాత్రి ఒక్క సీస లేకుంటే నాకు కన్ను మూతవడది రా తమ్మీ" అంది నవ్వుతూ.

"ఒక్క రాత్రే కదా."

"సరే తియ్యి. నువ్వు పెద్ద ఆఫీసరువైతివి, నీ మాట ఇనకపోతే ఎట్ల" అని ఎకసెక్కం చేసింది. ఆ షరతు పెట్టినందుకు నన్ను నేనే తెగ మెచ్చుకున్నాను.

తాడ్వాయి దగ్గర దిగి ఈతవనం దాకా నడిచాం. పొద్దెక్కక ముందే దించిన కల్లు, మోదుగాకు డొప్పలో పోశారు. నాకు కొబ్బరినీళ్లలో కాస్త పులుపు కలిపినట్టు అనిపించింది. అక్క పుక్కిలించి మింగి, కళ్లు మూసుకుని, "ఇది కల్లంటే. నీళ్ల సుక్క తాకలే" అంది. అక్కడ అన్నీ బాగున్నాయి. కార్లు ఆపడానికి చోటుంది, కూర్చోవడానికి నీడ ఉంది. నేను పొంగిపోయి ఆఫీసుకు ఫోన్ చేసి, మొదటి మజిలీ ఖాయమని చెప్పాను.

అక్కడి నుంచి ఎల్లారెడ్డి బస్సు. కిటికీ బయట యాసంగి నాట్లు పచ్చగా, మక్కచేన్లు మధ్య మధ్యన. నా పక్కన కూర్చున్న పెద్దాయన మా ప్రయాణం సంగతి విని, "కల్లు తాగనీకి బస్సెక్కినోళ్లను మిమ్ములనే సూసిన" అని బస్సంతా వినబడేట్టు నవ్వాడు. ఒకటిన్నరకు ఎల్లారెడ్డిలో దిగాం. భోజనం బాగుంది, పప్పు మరీ బాగుంది. బస్టాండుకు నడిచేంత దూరంలోనే లాడ్జి దొరికింది. సాయంత్రం ఊరి చివర ఇంకొకరి దగ్గర తాగి చూశాం. అది అక్కకు నచ్చలేదు. "నీళ్లు పడ్డయి" అని మొహం మీదే చెప్పేసింది. అక్కడ్నుంచి వస్తుంటే దారిలో దుకాణం ముందు ఆమె అడుగు నెమ్మదించింది. నేను చెయ్యి పట్టుకుని గుంజుకొచ్చాను. ఇద్దరం నవ్వుకున్నాం.

తెల్లారి ఆమె గదికి వెళ్లి తలుపు కొట్టేసరికి అక్క మంచం మీద కూర్చునే ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. చలికి నేను స్వెటర్ వేసుకున్నాను, ఆమె రవికె మాత్రం చెమటకు తడిసి ఉంది. "నిద్ర వట్టలే. కొత్త జాగ గద" అంది. కింద చాయ్ దుకాణంలో గ్లాసు అందుకుంటే సగం చాయ్ చీర మీద ఒలికింది. వెళ్లిపోదామా అని అడిగాను. "ఏమైతలేదు రా. ఇంకొక్కటే గద సూసేది" అంది. నేను మళ్లీ అడగలేదు. ఆ ఇంకొక్కటే మా దారిలో అన్నిటికన్నా పేరున్నది. గాంధారి అవతల బాలాగౌడ్ అనే ఆయన ఈతకల్లు తాగాలని ఎంతోమంది చెప్పారు.

గాంధారి బస్సులో ఆమె కొంగుతో మెడ తుడుచుకుంటూనే ఉంది. ముందు సీట్లోని తండా ఆమె వెనక్కి తిరిగి చూసి, "అక్కకు జరమొచ్చిందా? మొకం గట్లున్నదేంది?" అంది. అక్క సీటు కమ్మీని గట్టిగా పట్టుకుని కూర్చుంది. గాంధారిలో దిగేసరికి కండక్టర్ ఇంకో మాట చెప్పాడు. ఇదే ఆఖరు ట్రిప్పు, పదింటి నుంచి బంద్, బస్సు డిపోకు పోతుంది. అప్పటికి షేర్ ఆటో ఒకటి కదలబోతుంటే ఎక్కేశాం. వెళ్లాలా వద్దా అని ఆలోచించడానికి కూడా వ్యవధి లేదు.

బాలాగౌడ్‌కు యాభై దాటి ఉంటాయి. ఊరికి కొంచెం ఎడంగా చెట్లు, చెట్ల మధ్య అతని మోటారు బండి, కింద పరిచిన గోనెసంచులు. మమ్మల్ని చూసి, "కూసోండ్రి, ఇప్పుడే దించిన" అని డొప్పలు చేతికిచ్చాడు. అక్క రెండు చేతులతో పట్టుకుని తాగింది. ఒక్క క్షణం మొహం తేటపడింది. "గిది మా నాయిన తాపిన కల్లు లెక్కుంది" అంది. ఆ మాటకు నాకెంత సంతోషమైందో! కార్లు ఎక్కడ ఆపాలి, ఎంతమంది కూర్చోవచ్చు అని బాలాగౌడ్‌ను అడగడం మొదలుపెట్టాను.

"తమ్మీ, చీమలు" అంది అక్క.

డొప్పలోకి చూశాను. చీమలు లేవు. "చేతి మీద ఎక్కుతున్నయి. తీయి, తీయి" అంటూ ఖాళీ చేతిని గోకుతోంది. ఆ తర్వాత మెడ ఒక పక్కకు వంకరపోయింది. నేను పట్టుకునే లోపల గోనె మీద వెల్లకిలా పడింది. కాళ్లూ చేతులూ కొట్టుకున్నాయి. నోట్లోంచి నురగ వచ్చింది. బాలాగౌడ్ గబగబా వచ్చి ఆమెను పక్కకు తిప్పి పట్టుకున్నాడు. నేను ఆమె తల పట్టుకుని పేరు పెట్టి పిలుస్తూనే ఉన్నాను. కొట్టుకోవడం ఆగాక కూడా ఆమె కళ్లు నన్ను గుర్తుపట్టలేదు.

చుట్టూ చెట్ల దగ్గరున్న నలుగురైదుగురు పరుగెత్తుకొచ్చారు. నేను లేచి బాలాగౌడ్ మీద పడ్డాను. "ఏం కలిపావు? నా అక్కకు ఏం పోశావు?" అని అరిచాను. వచ్చినవాళ్లందరూ లొట్టి వైపు చూశారు.

అతని మొహం నల్లబడిపోయింది. "మా కాటమయ్య దేవుని మీద ఒట్టు, నేను చిటికెడు గూడ కలపలే" అన్నాడు. నేను వినలేదు. ఇంకా ఏదో అన్నాను. అతను ఆ లొట్టి రెండు చేతులతో పైకెత్తి, మిగిలిందంతా గటగటా తాగేశాడు. గడ్డం మీదుగా చొక్కా తడిసింది. ఖాళీ లొట్టి బోర్లించి నాకు చూపించి, "కలిపి ఉంటే నేను గూడ సస్త. ఇప్పుడు అక్కను లేపు" అన్నాడు.

అక్కడ ఫోన్లకు సిగ్నల్ లేదు. ఆటో ఎప్పుడో వెళ్లిపోయింది. ఉన్నదల్లా అతని బండి. అతను ముందు కూర్చున్నాడు, మధ్యలో అక్క, వెనక నేను. ఆమె తల నిలబడటం లేదు, ఒళ్లు జారిపోతోంది. బాలాగౌడ్ తను చెట్టెక్కే మోకు తెమ్మని ఎవరితోనో చెప్పి, ఆ తాడుతో ఆమెను తన నడుముకు కట్టించుకున్నాడు. పెరట్లోని కోడిపుంజును కూడా నేను ఆ మనిషి చేతికి ఇచ్చి ఉండను ఆ ఘడియలో. అయినా ఆయన వెనకే కూర్చున్నాను. మట్టిరోడ్డు మీద ప్రతి గతుకుకూ అక్క తల నా గడ్డానికి తగిలింది. లొట్టెడు కల్లు తాగిన మనిషి నడుపుతున్న బండి మీద, అక్క ఊపిరి వెచ్చగా నా చేతికి తగులుతోందా లేదా అని చూసుకుంటూ కూర్చున్నాను. ఆమెకేమైనా అయితే బావకు నా మొహం ఎట్లా చూపించాలి అన్నదొక్కటే బుర్రలో తిరిగింది.

గాంధారి చౌరస్తాలో రోడ్డుకడ్డంగా టైర్లు కాలుతున్నాయి. కండువాలు వేసుకున్న యువకులు కర్రలతో ఎదురొచ్చారు. "బంద్ తెల్వదా?" అన్నాడొకడు. బాలాగౌడ్ పక్కకు ఒరిగి అక్కను చూపించాడు. వాడు కర్ర పారేసి, "జరుగుండ్రి, జరుగుండ్రి" అని తనే కేకలు వేస్తూ టైరును కాలితో తన్నాడు. పక్కనే ఆగి ఉన్న జీపు వాళ్లలో ఒకరిదే. దానికి వాళ్ల జెండా కట్టి, అక్కను వెనక పడుకోబెట్టి, కామారెడ్డి పెద్ద దవాఖానకు బయల్దేరదీశారు. బాలాగౌడ్ కూడా ఎక్కాడు. నేను రమ్మనలేదు, వద్దనలేదు.

సిగ్నల్ రాగానే సాయిలు బావకు ఫోన్ చేశాను. విషయం సగం చెప్పానో లేదో, "ఎవడు పోసిండు? వాని పేరు చెప్పు!" అని అరుపు. ఆ అరుపు జీపంతా వినిపించింది. నేను ఎదురుగా కూర్చున్న మనిషి వైపు చూశాను. అతను అక్క కాళ్లు తన ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"చెప్పు" అన్నాడు బాలాగౌడ్. "నా పేరు చెప్పు. ఊరు గూడ చెప్పు. దవాఖానలనే ఉంట అని చెప్పు."

చెప్పాను.

దవాఖానలో ఒక చిన్న వయసు డాక్టరమ్మ ఉంది. అక్కను చూస్తుండగానే మళ్లీ ఫిట్స్ వచ్చింది. సూది వేశారు. మమ్మల్ని బయటికి పంపారు. ఆ వరండాలో నేనొక చివర, బాలాగౌడ్ ఇంకో చివర. మధ్యాహ్నం బావ తన తమ్ముడిని వెనకేసుకుని బండి మీద వచ్చాడు. వస్తూనే "ఏడి?" అన్నాడు. బాలాగౌడ్ తనే లేచి నిలబడ్డాడు. బావ అతని చొక్కా పట్టుకుని గోడకు నెట్టాడు. ఆ మనిషి చేయెత్తలేదు. నేను మధ్యలో దూరి బావ చేతులు పట్టుకున్నాను. ఆ మనిషి నేరస్థుడనే అప్పటికీ నా నమ్మకం. కానీ బండికి కట్టుకుని తెచ్చినవాడిని కళ్లముందు కొడుతుంటే చూడలేకపోయాను.

డాక్టరమ్మ తలుపు తీసుకుని బయటికి వచ్చింది. "అరుపులాపండి" అని, నన్ను చూసి, "ఈమె రోజూ ఏం తాగుతుంది?" అని అడిగింది.

"సాయంత్రం దుకాణం కల్లు. కానీ నిన్నటి నుంచి ముట్టలేదు. చెట్టు కల్లే తాగించాను" అన్నాను.

"అదే జరిగింది" అంది ఆమె. "దుకాణంలో సీసాలో పోసేదాంట్లో మత్తుమందు కలుపుతున్నారు. ఏళ్ల తరబడి తాగితే ఒళ్లు దానికి అలవాటు పడిపోతుంది. ఉన్నట్టుండి ఆపితే చేతులు వణుకుతాయి, లేనివి కనిపిస్తాయి, ఫిట్స్ వస్తాయి. ప్రాణాలు కూడా పోవచ్చు. ఈయన కల్లు తాగినందుకు కాదు, ఆ కల్లు తాగనందుకు వచ్చింది ఇది."

బావ చెయ్యి దానంతటదే బాలాగౌడ్ చొక్కా మీంచి జారిపోయింది. నాలుక చెడకూడదని షరతు పెట్టింది నేను. దుకాణం ముందు చెయ్యి పట్టి గుంజుకొచ్చింది నేను. బాలాగౌడ్ దగ్గరకు వెళ్లి చేతులు పట్టుకున్నాను, ఏడుపొచ్చింది.

"నా లొట్టి నేనే తాగిన గద సార్" అన్నాడతను, "కడుపుబ్బరం తప్ప ఏం కాలే." అని చొక్కా సర్దుకుని, "అక్క లేస్తే మల్ల తోల్కరా. గామె నా కల్లు సగమే తాగింది" అన్నాడు. సాయంత్రం బంద్ సడలాక గాంధారి వైపు ఏదో లారీ దొరికితే ఎక్కి వెళ్లిపోయాడు.

డాక్టరమ్మ ఇంకో సంగతి చెప్పింది. మందులు కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ కొన్ని వారాలు వాడాలట. "ఇంట్లో ఇంకెవరైనా తాగుతారా?" అని అడిగి బావ వైపు చూసింది. "మీరూ చూపించుకోండి. మందులు మొదలుపెట్టేదాకా ఒక్కసారిగా మాత్రం మానొద్దు." బావ తలూపాడు. ఆమె అటు వెళ్లగానే గుండె మీద చెయ్యి కొట్టుకుని, "నాకు సూదులెందుకు? నేను మొగోన్ని. ఇయ్యాల్టి సంది దుకాణం దిక్కు సూడ, ఒట్టు" అన్నాడు. మెచ్చుకోలుగా భుజం తట్టాను. నా బుర్రకు ఇంకా బుద్ధి రాలేదని ఇప్పుడు అనిపిస్తుంది.

ఆదివారం అక్క కళ్లు తేటపడ్డాయి. నన్ను గుర్తుపట్టి, "కార్లోల్లు వచ్చిన్రా?" అని అడిగింది. డాక్టరమ్మ చెప్పిందంతా చెప్పాను. "గన్నేండ్ల సంది మత్తుమందు తాగుతున్ననా నేను" అంది. కోపంగా అనలేదు. ఏదో నిదానంగా లెక్కవేసుకుంటున్నట్టు అంది.

సోమవారం పొద్దున పంపించారు. బావ తమ్ముడు ముందే బండి మీద వెళ్లిపోవడంతో ముగ్గురం ఎల్లారెడ్డి బస్సెక్కాం. వాళ్లను ఊళ్లో దింపి నేను వెనక్కి రావాలి. తాడ్వాయి దాటాక అక్క నా మోచేతి మీద పొడిచింది. చూశాను. బావ కిటికీ కమ్మీ పట్టుకుని ఉన్నాడు. కమ్మీ మీద అతని వేళ్లు టపటప కొట్టుకుంటున్నాయి. మెడ వెనక చెమట. వెనక్కి కామారెడ్డి పోదామన్నాను. "నాకేమైతది, ఎండ" అన్నాడు. పళ్లు కూడా కొట్టుకుంటుంటే మాట ముక్కలు ముక్కలుగా వచ్చింది.

ఊరి స్టాపులో దిగగానే ఎదురుగా దుకాణం. ముందు అరుగు మీద ఆడవాళ్లు, మగవాళ్లు సీసాలతో కూర్చుని ఉన్నారు. "నర్సవ్వా, ఏమైందే? రా, కూసో" అని పిలిచారు. బావ మొహం పక్కకు తిప్పుకుని ఇంటి దారి పట్టాడు. రెండడుగులు వేసి గోడ పట్టుకున్నాడు.

అక్క నేరుగా దుకాణంలోకి వెళ్లింది. ఒక సీసా పట్టుకుని బయటికొచ్చి, బావ ముందు నిలబడింది. "తాగు" అంది.

"ఒట్టు వెట్టుకున్న గదనే."

"ఒట్టు లేదు గిట్టు లేదు. నాకు చీమలు గనవడ్డయి. నీకు గనవడొద్దు. సగం తాగు. రేపు పొద్దుగాల మొదటి బస్సుకు దవాఖానకు పోదాం."

చేతులు వణికి సీసా అందుకోలేకపోయాడు. ఆమే పట్టుకుని తాగించింది, జబ్బు చేసినవాళ్లకు గంజి పోసినట్టు. సగానికి రాగానే లాగేసుకుంది. మిగిలింది మూతికి బొటనవేలు అడ్డం పెట్టి తన చేతిలోనే పట్టుకుంది. మొన్న అది తాగొద్దని షరతు పెట్టిన నేను, ఇవాళ అదే కల్లు బావ గొంతులో దిగుతుంటే త్వరగా దిగాలని దేవుళ్లకు మొక్కుకుంటూ నిలబడ్డాను. ఆయన కాస్త కుదురుకుని ఇంటికి నడిచాకనే కామారెడ్డి బస్సెక్కాను.

కామారెడ్డిలో హైదరాబాదు బస్సు మారగానే ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది, రూటు తయారైందా అని. తయారైంది, ఇప్పుడు మాత్రం రాకండి అన్నాను. మీరు వెళ్లేటట్టయితే ఆ దారిలో రెండు చోట్ల మంచి కల్లు ఉంది. తాడ్వాయి దగ్గర ఒకటి, గాంధారి అవతల ఒకటి. బస్సులు బాగానే ఉంటాయి, ఎల్లారెడ్డిలో భోజనం చెప్పుకోదగ్గది. వెంట వచ్చేవాళ్లు ఇంట్లో రోజూ ఏం తాగుతారో మాత్రం బయల్దేరే ముందే అడగండి. ఇంత మంచి కల్లు ఇంత దగ్గరలో పెట్టుకుని ఆ ఊళ్లు ఆ సీసాలు తాగుతున్నాయన్న దుఃఖం నాకు దారి పొడుగునా తగ్గలేదు.

తూప్రాన్ దాటుతుండగా అక్క ఫోన్ చేసింది. బావ చేతులు ఆగాయట, పడుకున్నాడట. "పక్కనే కూసున్న" అంది.

"తమ్మీ, మా వాడకట్టుల ఎవలెవలు తాగుతరో యాదికి తెచ్చుకుంటున్న. తాగనోళ్లు ఒక్కలు గూడ యాదికొస్తలేరు. దవాఖానకు పోదాం రాండ్రని చెప్పాలె గద. ముందుగాల ఎవలింటికి పోవాలె రా?"